కొట్టు పేరున పెట్టిన చీర

ఆ మధ్య టాక్స్ ప్రాక్టీషనర్ల సంఘం వాళ్ళు, వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ఇరవై నిమిషాలు ఇస్తామన్నారు. నాకంటే ముందు మాట్లాడిన ఇద్దరు పెద్దమనుషులు ఒకరినొకరు పొగుడుకోవడానికే ముప్పావు గంట పట్టింది. నేను మైకు ముందుకొచ్చి ఐదు నిమిషాలు కాకముందే వెనక నుంచి చీటీ వచ్చింది. "మేడం, భోజనాలు చల్లారిపోతున్నాయి" అని ఉంది అందులో. ఆ రోజు మింగేసిన మాటలు ఇప్పుడు రాస్తున్నాను. కాగితం మీద ఎవరూ చీటీ పంపలేరు.

విజయవాడ గవర్నరుపేటలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. టైపిస్టుగా చేరిన మాట నిజం. అది ఆరు నెలలు. ఆ తర్వాత పరీక్ష రాసి ప్రాక్టీషనర్‌నయ్యాను. ఆ ఆఫీసులో తెలుగులో లెక్కలు రాసే ప్రతి వ్యాపారి ఫైలూ నా బల్ల మీదికే వచ్చేది. మా ఆడిటర్ శేషగిరి గారు చట్టం బాగా తెలిసిన మనిషి. ఏ నోటీసుకీ వచ్చిన రోజునే జవాబు రాయకూడదని నాకు నేర్పింది ఆయనే. కానీ తెలుగులో రాసిన ఆవర్జా, అంటే ఖాతాల పుస్తకం, ముట్టుకుంటే చెయ్యి మాసిపోతుందన్నట్టు ఉండేవాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. రెండింటినీ నేను మర్చిపోలేదు.

ఇక్కడ ఒక్క పద్దు గురించే చెబుతాను. వ్యాపారస్తులు తమ ఖాతాదారులకు ఇచ్చే బహుమతులు, వాటిని ఖర్చుగా చూపించడం. చిన్న పద్దే. కానీ మనిషి తన గురించి చెప్పుకునే అబద్ధాలు చాలావరకు అక్కడే దాక్కుంటాయి. నిజాలూ అక్కడే నలిగిపోతాయి.

ఫ్రిజ్ కథ

చట్టం చెప్పేది చాలా తేలిక. పూర్తిగా వ్యాపారం కోసమే పెట్టిన ఖర్చయితే లాభంలోంచి తీసేసుకోవచ్చు. సొంత ఖర్చయితే కుదరదు. నిరూపించాల్సింది ఖర్చు రాసుకున్నవాడు. సెక్షన్ల నంబర్లు మారతాయి, ఈ సంగతి మారదు.

పటమటలో ఒక బిల్డరు ఉండేవాడు. ఏటా 'కస్టమర్ గిఫ్ట్స్' అని బిల్లులు తెచ్చేవాడు. ఒక ఏడు అందులో ఫ్రిజ్ కనబడింది.

"ఇది ఎవరికిచ్చారండీ?" అన్నాను.

"కస్టమర్‌కేనండీ."

"పేరు చెప్తే రాసుకుంటాను."

"మా బావమరిది."

"ఆయన మీ దగ్గర ఫ్లాటు కొన్నారా?"

"కొనలేదు. కొంటాడేమోనని ఇచ్చాం."

"ఎక్కడుందండీ ఇప్పుడా ఫ్రిజ్?"

ఆయన కాసేపు ఫ్యాను వైపు చూశాడు. "మా ఇంట్లో. ఆడు కొన్నాక పట్టుకెళ్తాడు."

ఇలాంటివాళ్ళ మీద నాకు జాలి లేదు. వీళ్ళు రాసిన ఫ్రిజ్‌ల వల్లే నిజంగా ఇచ్చినవాడిని కూడా దొంగను చూసినట్టు చూస్తారు. డాక్టర్లకు టూర్లు, టీవీలు పంచే మందుల కంపెనీల ఖర్చుకు ఇప్పుడు చట్టం తలుపు మూసేసింది. మూయడమే న్యాయం. ఆ టూరు ఖర్చు చివరికి రోగి మందు బిల్లులోనే తేలుతుంది.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటి ఉంది. పెద్ద కంపెనీ దీపావళికి వెయ్యిమందికి బాదంపప్పు డబ్బాలు పంపితే, ఎవరికి చేరాయని అడిగే నాథుడు ఉండడు. 'బిజినెస్ ప్రమోషన్' అని ఇంగ్లీషులో ఒక మాట ఉంటే చాలు. అదే చల్లపల్లిలో పైపులు అమ్ముకునే మనిషి తన దగ్గర సరుకు కొనే కొట్టువాళ్ళ ఇంట్లో పెళ్ళికి చీర పెడితే, అది ఇంటి ఖర్చు. 'వ్యక్తిగత అంశం ఉండే అవకాశం ఉన్నందున' అని ఒక వాక్యం రాసి ఇరవై శాతం కొట్టేస్తారు. ఇరవయ్యే ఎందుకు, పద్దెనిమిదిన్నర ఎందుకు కాకూడదు అని నేను ఎన్నోసార్లు అడిగాను. ఎవరూ చెప్పలేదు. మా సార్ శేషగిరి గారు సహా.

చల్లపల్లి పైపుల కొట్టు

ఆ మనిషి పేరు సాంబశివరావు గారు. బోరు పైపులు, మోటార్లు, మోటారు సామాన్లు. రైతులకు నేరుగా అమ్మేది తక్కువ. చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న చిన్న చిన్న హార్డ్‌వేర్ కొట్లకు సరుకు వేసేవాడు. ఆ కొట్లవాళ్ళ ఇంట్లో పెళ్ళయినా గృహప్రవేశమైనా, మంగళగిరి నేత చీర ఒకటి, పంచెల చాపు ఒకటి ఆయన తరఫున వెళ్ళాల్సిందే. మంగళగిరిలో ఒకే మగ్గం ఇంటి నుంచి తెప్పించేవాడు. ఆ బిల్లు ఉండేది. ఎవరికి పెట్టాడో ఆయన గుమాస్తా వెంకటరత్నం చిట్టాలో రాసేవాడు. అంతకుమించి కాగితం ఉండేది కాదు.

మొదట్లో ఆయన్ను అడిగాను, ఇంత ఖర్చు దేనికని.

"పేపర్లో ప్రకటన ఇస్తే ఎవరు చూస్తారమ్మా? చీరైతే పెళ్ళికొచ్చిన ఆడోళ్ళందరూ అంచు పట్టుకుని చూస్తారు. ఎవరు పెట్టారంటారు. పైపుల కొట్టాయన అంటారు. అంతకంటే బోర్డేముంది?"

ఇంత స్పష్టంగా వ్యాపార ప్రయోజనం చెప్పిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఇంగ్లీషులో వంద పేజీల రిపోర్టులు రాసేవాళ్ళలో కూడా చూడలేదు.

నా సంతకాల పుస్తకం

నా మొదటి తప్పు ఇక్కడే చేశాను. రుజువు కావాలి కదా అని, చీర అందుకున్నవాళ్ళ చేత సంతకం పెట్టించుకోమని ఒక రిజిస్టరు గీసి ఇచ్చాను. తేదీ, పేరు, ఊరు, వస్తువు, సంతకం. గళ్ళు చక్కగా స్కేలు పెట్టి గీశాను. ఆ రోజు నాకు చాలా తెలివైన పనిలా అనిపించింది.

నాగాయలంక వైపు రత్తమ్మ గారని, భర్త పోయాక కొట్టు తనే నడుపుకునే ఆవిడ ఉండేది. సాంబశివరావు గారి ఖాతాదారుల్లో అందరికంటే పెద్ద బేరం ఆవిడదే. మనవరాలి ఓణీల వేడుకకు వెంకటరత్నం పళ్ళెంలో పళ్ళు, చీర పెట్టుకుని వెళ్ళాడు. పళ్ళెం ఆవిడ చేతికిచ్చి చంకలోంచి రిజిస్టరు తీశాడు. తర్వాత జరిగింది అతనే నాకు చెప్పాడు.

"ఏంటయ్యా అది?"

"ఇక్కడో సంతకం పెట్టండమ్మా. ఆడిటర్ గారి ఆఫీసులో అడుగుతున్నారు."

"చీర ముట్టిందనా?"

"అవునండి."

"మీ షావుకారు నా మనవరాలికి చీర పెడుతున్నాడా, పైపులు డెలివరీ ఇస్తున్నాడా?"

సంతకం పెట్టింది. చుట్టాలంతా చూస్తుండగా పెద్ద అక్షరాలతో పెట్టింది. పక్కన 'సరుకు సరిగ్గా అందినది' అని కూడా రాసింది. లారీ వాళ్ళ చలానా మీద రాసినట్టు. ఆ మరుసటి నెల నుంచి ఆవిడ అవనిగడ్డలో ఇంకో కొట్టులో సరుకు తీసుకోవడం మొదలుపెట్టింది.

సాంబశివరావు గారు ఆ రిజిస్టరు తెచ్చి నా బల్ల మీద పడేశాడు. "ఇది మీరే ఉంచుకోండి సుగుణ గారూ. మీకు రుజువు దొరికింది, నాకు బేరం పోయింది" అన్నాడు. ఆయన అలా అనడంతో నాకు చాలా బాధేసింది. అయినా తప్పు నాదే. పెట్టిన బట్టకు రసీదు అడగకూడదని నాకు తెలియక కాదు. మా ఇంట్లోనూ పెళ్ళిళ్ళు జరిగాయి. మేం చర్చిలో చేసుకుంటాం కానీ బట్టలు పెట్టే మర్యాద అందరిదీ ఒకటే. ఆఫీసు కుర్చీలో కూర్చోగానే తెలిసింది మర్చిపోయాను. కుర్చీ చేసే పని అదే.

ఒక్క మాట అనువాదం

రెండో తప్పు ఇంతకంటే పెద్దది. కొన్నేళ్ళకు సాంబశివరావు గారి లెక్కలు స్క్రూటినీకి వచ్చాయి. అప్పటికి ఇంకా ఈ ఫేస్‌లెస్ పద్ధతి రాలేదు. ఆఫీసరు ముందు కూర్చుని మాట్లాడాల్సిందే. తెలుగు ఆవర్జాలోని పద్దులన్నింటికీ ఇంగ్లీషు పేర్లు రాసి ఇమ్మని అడిగారు. ఆ పట్టిక నేనే తయారుచేశాను.

వెంకటరత్నం ఆ చీరల ఖర్చును 'పెట్టుపోతలు' అనే పద్దు కింద రాసేవాడు. పాతకాలం మనిషి, పాతకాలం మాట. మనవాళ్ళకు ఇచ్చే బట్టలు, కానుకలు అన్నీ ఆ మాటలో వస్తాయి. ఎవరైనా కావచ్చు, చుట్టాలే కానక్కర్లేదు. సాయంత్రం లోపు పట్టిక పంపాలి. ఇంగ్లీషులో సరైన మాట తట్టలేదు. 'మ్యారేజ్ ప్రెజెంట్స్' అని రాసేశాను. మా సార్ చదవకుండా సంతకం పెట్టాడు.

ఆఫీసరు అనంతపురం వైపు నుంచి వచ్చిన కుర్రవాడు. మర్యాదస్తుడే. పట్టిక మీద వేలు పెట్టి, "పెళ్ళి కానుకలు వ్యాపార ఖర్చు ఎలా అవుతాయండీ?" అన్నాడు. మా సార్ పట్టిక వైపు ఒకసారి చూసి, వెంటనే నా వైపు చెయ్యి చూపించాడు.

"మా టైపిస్టు పొరపాటు చేసిందండీ."

అప్పటికి నేను ప్రాక్టీషనర్‌నై పద్నాలుగేళ్ళు. పొరపాటు నాదే, ఒప్పుకుంటాను. 'టైపిస్టు' మాత్రం ఆయనది.

ఆఫీసరు రెండు దారులు చెప్పాడు. "మొత్తం ఇంటి ఖర్చు కింద తీసేస్తాను, టాక్సుతో పాటు పెనాల్టీ సంగతి కూడా చూస్తాం. లేదా ఎవరెవరికి ఇచ్చారో లిస్టు ఇవ్వండి. ఒక్కొక్కరికీ లెటరు వేసి కనుక్కుంటాం."

బయటికి రాగానే సాంబశివరావు గారు భయపడిపోయాడు. టాక్సు గురించి కాదు. ఆయన భయం లెటర్ల గురించి.

"ఇన్‌కం టాక్స్ కవరు ఊళ్ళో చిన్న కొట్టుకొచ్చిందనుకోండి. పోస్టుమాన్ అందరికీ చెప్తాడు. ఫలానా ఆయన చీర తీసుకున్నందుకు గవర్నమెంటు వాళ్ళు పట్టుకున్నారంటారు. మళ్ళీ నా కొట్టు గుమ్మం ఎక్కుతారా? ఒక్క రత్తమ్మ గారికి సంతకం అడిగితేనే ఏమయిందో చూశాం గదా. ఇప్పుడు ఇరవై నాలుగు ఇళ్ళకి నోటీసులు. ఇరవై ఐదేళ్ళ బేరం అండీ ఇది."

"లిస్టు ఇవ్వకపోతే పెనాల్టీ" అన్నాడు మా సార్.

"కట్టేస్తాను. ఆ కవర్లు మాత్రం వెళ్ళకూడదు."

మా సార్ సరేనన్నాడు. ఆయనకు అది తేలిక. నాకు కాదు. నేను రాసిన ఒక్క తప్పు మాట వల్ల నిజంగా వ్యాపారం కోసం ఖర్చు పెట్టిన మనిషి అబద్ధాలకోరుగా పెనాల్టీ కట్టాలి. ఏదో ఒక రుజువు ఉంటే బాగుండేదండీ అన్నాను. సాంబశివరావు గారు నా మీద విరుచుకుపడ్డాడు.

"రుజువు రుజువు అంటారేంటమ్మా ఎప్పుడు చూసినా? మైకులో చదివారు. ఊరంతా విన్నారు. పుస్తకంలో రాసుకున్నారు. ఇంకేం కావాలి మీకు?"

"ఏ పుస్తకం?"

"చదివింపుల పుస్తకం. మీ ఇళ్ళల్లో రాయరా?"

ఇరవై నాలుగు పుస్తకాలు

రాస్తారు. ఎందుకు రాయరు. పెళ్ళిలో ఎవరేమి ఇచ్చారో ఒకతను మైకులో చదువుతాడు, పక్కన ఇంకొకతను పుస్తకంలో ఎక్కిస్తాడు. రేపు వాళ్ళింట్లో శుభకార్యం వచ్చినప్పుడు ఎంత తిరిగి పెట్టాలో ఆ పుస్తకమే చెబుతుంది. నేను గళ్ళు గీసి సంతకాలు అడిగిన రుజువు, పుచ్చుకున్నవాళ్ళ చేతిరాతతోనే వాళ్ళ బీరువాల్లో భద్రంగా ఉంది. మర్యాద చెడకుండా రుజువు ఎలా రాసుకోవాలో మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. నాకే ఆలస్యంగా కనబడింది.

వాటిని తెస్తానంటే మా సార్ నవ్వాడు. "డిపార్ట్‌మెంటుకి పెళ్ళి పద్దులు చూపిస్తావా? పరువు పోతుంది" అన్నాడు. నేను సెలవు పెట్టాను. నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల జీతం కోశాడు కూడా.

వెంకటరత్నం, నేను బస్సుల్లోనూ ఆటోల్లోనూ తిరిగాం. ఎవరూ కాదనలేదు, కానీ ఎవరూ తేలిగ్గానూ ఇవ్వలేదు. ఘంటసాల దగ్గర ఒక ఊళ్ళో, కొట్టువాళ్ళ ఇంటావిడ బీరువా తాళం తీస్తూ ఆగిపోయింది.

"ఇస్తాను గానండీ, ఇది పోతే మా పరువు పోద్ది. ఎవరికెంత పెట్టాలో అంతా ఇందులోనే ఉంది. ఆయనకి ఒక్కటీ గుర్తుండదు."

"నా చేతుల మీదుగానే తెచ్చి ఇస్తానమ్మా."

"మా మీదకేమీ రాదుగా?"

"రాకుండా ఉండడానికే అడుగుతున్నాను. ఇది చూపిస్తే వాళ్ళు మీకు లెటరు వెయ్యరు."

"పోన్లెండి. సాంబశివరావు గారి కోసం ఇస్తున్నా. ఆయన పెట్టిన చీర ఇప్పటికీ రంగు పోలేదు."

ఇరవై నాలుగు పుస్తకాలు తెచ్చి పటమటలో మా ఇంట్లో మంచం మీద పరిచాను. ఒక్కొక్కటీ తిరగేస్తుంటే అప్పుడు నాకో సంగతి కనబడింది. దాదాపు అన్నింట్లోనూ 'చల్లపల్లి ట్రేడర్స్ వారు' అని ఉంది. ఆ కొట్టు పూర్తి పేరు ఇక్కడ రాయను. మనిషి పేరు లేదు, ఇంటిపేరు లేదు. మైకు దగ్గర ఏ పేరున చదవాలని అడుగుతారు. చుట్టమైతే ఇంటిపేరుతో చదివిస్తాడు. వ్యాపారం వాడైతే కొట్టు పేరున చదివిస్తాడు. చదివేవాడికీ, రాసేవాడికీ, వినేవాళ్ళకూ ఆ తేడా తెలుసు. చట్టం అడుగుతున్న ప్రశ్న అదే. చీర ఎవరు పెట్టారు, మనిషా, కొట్టా?

ఒక్క పెడన పుస్తకంలో మాత్రం ఇంటిపేరుతో ఉంది. 'మేనమామ వరస' అని కూడా రాసి ఉంది. చీరతో పాటు వెండి పళ్ళెం. వెంకటరత్నాన్ని అడిగితే నసిగాడు. సాంబశివరావు గారి దూరపు చుట్టం. పైపులు అమ్ముతాడు, చుట్టమూ అవుతాడు. చిట్టాలో అది కూడా కొట్టు ఖర్చుగానే ఉంది.

మా సార్‌కి చెప్పాను. "ఆ ఒక్కటి పక్కన పెట్టు. ఇరవై మూడు చాలు" అన్నాడు.

బల్ల మీద

విచారణ రోజు మా సార్ మొదట ఏవో తీర్పులు చదివాడు. ఆఫీసరు విని, "కేసులు సరేనండీ, ఇక్కడ ఇచ్చింది ఎవరికి?" అన్నాడు. నేను సంచీ విప్పి పుస్తకాలు బల్ల మీద పేర్చాను. పసుపు మరకలున్న అట్టలు. ఒకదాని మీద స్వస్తిక్, ఒకదాని మీద సిలువ.

అతను పైది తెరిచి చూశాడు. "చదివింపులా? మా వైపూ ఉంటాయి" అన్నాడు. తర్వాత నాతో, "చదవండి మేడం" అన్నాడు.

ఒక్కో పుస్తకంలో ఆ గీత చదివాను. పక్కనే ఆ కొట్టువాడి పేరున మా ఆవర్జాలో ఉన్న అమ్మకాల ఖాతా పేజీ చూపించాను. ఎవరి ఇంట్లో చీర ఉందో, వాళ్ళ కొట్టుకు సరుకు వెళ్ళింది. కొట్టు పేరున చదివించడమంటే ఏమిటో చెప్పాను. 'మ్యారేజ్ ప్రెజెంట్స్' అన్నది నా తప్పు అనువాదమని కూడా చెప్పాను. ఇరవై మూడు అయ్యాయి. ఇరవై నాలుగోది తెరిచాను. మా సార్ కింద నుంచి నా కుర్చీని కాలితో తన్నాడు.

"ఇది ఇంటిపేరుతో ఉందండీ. ఇది కొట్టు ఖర్చు కాదు. దీన్ని తీసేయండి" అన్నాను.

ఆఫీసరు ఆ పుస్తకాన్ని విడిగా పక్కన పెట్టాడు. "లెటర్లు అవసరం లేదు. దీన్నొక్కదాన్నీ తీసేస్తున్నాను. మిగతావి ఒప్పుకుంటున్నాను" అన్నాడు. పెనాల్టీ మాట ఎత్తలేదు.

మెట్లు దిగుతూ మా సార్ అడిగాడు. "నువ్వు క్లయింటు తరఫున వచ్చావా, డిపార్ట్‌మెంటు తరఫున వచ్చావా?"

"మీ టైపిస్టుగా వచ్చాను సార్" అన్నాను.

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. సాంబశివరావు గారు ఫీజు ఆయనకిచ్చి, పొగడ్త కూడా ఆయనకే ఇచ్చాడు. పెడన చీర టాక్సు మాత్రం నా ఖాతాలో వేశాడు. "మీరు నోరు మెదపకపోతే అదీ పోయేది కాదు" అన్నాడు. ఇరవై నాలుగు ఇళ్ళకు నోటీసులు వెళ్ళనందుకు ఒక్క మాట లేదు. పుస్తకాలు నేనే తిరిగి ఇచ్చి వచ్చాను. బస్సు ఖర్చులు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

పిల్లలకు ఇక్కడ ఒక మాట. మీది ఇప్పుడు ఫేస్‌లెస్. బల్ల మీద పుస్తకం పెట్టే వీలు లేదు. స్కాన్ చేసి పంపాలి, తెలుగు రాని మనిషి ఎక్కడో కూర్చుని చదువుతాడు. అందుకే మాట అనువదించేటప్పుడు నాలాగా తొందరపడకండి. ఒక మాట సరిపోకపోతే నాలుగు వాక్యాలు రాయండి. బహుమతి పద్దు చూడగానే ఎంత అని అడగకండి, ఎవరికి అని అడగండి. ఒకే మనిషికి ఏడాదిలో ఇచ్చింది ఇరవై వేలు దాటితే, ఇచ్చేవాడే టాక్సు పట్టాల్సిన నిబంధన ఇప్పుడు ఉంది, చిన్న వ్యాపారులకు కొంత మినహాయింపుతో. ఉచితంగా ఇచ్చేసిన సరుకు మీద కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు. ఈ రెండూ క్లయింటుకు చీర కొనకముందే చెప్పండి, కొన్నాక కాదు.

ముఖ్యంగా, మీకు అనుకూలం కాని పుస్తకాన్ని పక్కన పెట్టకండి. మంచితనం కోసం చెప్పడం లేదు. ఇరవై నాలుగు రాసి ఇరవై మూడు చూపిస్తే, అవతలివాడు ఇరవై మూడూ నమ్మడు.

మేనకోడలి పెళ్ళి

ఇది ఇక్కడితో ఆపితే బాగుండేది. కానీ ఆ కేసు నేర్పిన పాఠాన్ని సాంబశివరావు గారు నాకంటే బాగా నేర్చుకున్నాడు.

ఆ తర్వాత వేసవిలో ఆయన చెల్లెలి కూతురి పెళ్ళి పటమటలోనే ఒక కల్యాణ మండపంలో జరిగింది. చెల్లెలి పేరు విజయలక్ష్మి గారు. ఒక్కతే చెల్లెలు, ఉండేదీ పటమటలోనే. నన్నూ పిలిచారు, వెళ్ళాను. చదివింపులు మొదలయ్యాయి. మేనమామ కాబట్టి మొదట ఆయనదే చదవాలి. మైకులో వినబడింది.

"చల్లపల్లి ట్రేడర్స్ వారు. పట్టుచీర ఒకటి, పంచెల చాపు ఒకటి, బంగారు గొలుసు ఒకటి."

మైకతను అంతటితో ఆగి, ఇంకేమైనా ఉందేమోనని చూశాడు. ఏమీ లేదు. వేదిక పక్కన నిలబడ్డ విజయలక్ష్మి గారు మెల్లగా అన్న దగ్గరకొచ్చింది. నేను రెండు కుర్చీల అవతలే ఉన్నాను.

"అన్నయ్యా, నా కూతురికి చీర పెట్టింది నువ్వా, నీ కొట్టా?"

"ఊరుకోవే. అది ఆడిటింగ్ కోసం" అన్నాడు. అని నా వైపు చూసి, బాగా చదివిన పిల్లవాడు టీచరు వైపు చూసినట్టు నవ్వాడు. ఆ నవ్వు నా వృత్తిలో నాకు జరిగిన అవమానాలన్నింటిలోకీ పెద్దది.

ఆ ఏడు లెక్కలు చూసేటప్పుడు చీర, గొలుసు బిల్లులు వచ్చాయి. 'సేల్స్ ప్రమోషన్' అని పైన రాసి ఉంది. 'పెట్టుపోతలు' మానేసి వెంకటరత్నం కూడా ఇంగ్లీషు నేర్చాడు.

"ఇది నేను రాయనండీ" అన్నాను.

"అదేంటమ్మా? పేరు కొట్టుదైతే కొట్టు ఖర్చని మీరేగా ఆఫీసరు గారికి చెప్పింది."

"మీ చెల్లెలు మీ దగ్గర పైపులు కొంటున్నారా?"

"పుస్తకంలో ఏముందో అదేగదా సాక్ష్యం?"

"అక్కడ ఉన్నది రాశారు కాబట్టి సాక్ష్యమయింది. ఇక్కడ సాక్ష్యం కోసం రాయించారు."

ఆయన లేచి మా సార్ గదిలోకి వెళ్ళాడు. పది నిమిషాల తర్వాత ఆ ఫైలు నా బల్ల మీద నుంచి పక్క బల్లకు మారింది. నాకు ఒక్క మాట చెప్పలేదు. ముప్పై నాలుగేళ్ళలో నా బల్ల మీద నుంచి ఫైలు తీసేసింది ఆ ఒక్కసారే.

రిటర్ను వెయ్యడానికి ఇంకా రెండు వారాలు ఉందనగా సాంబశివరావు గారు మళ్ళీ వచ్చాడు. మా సార్ గదిలోకి వెళ్ళలేదు. నా ఎదుట కూర్చుని జేబులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టాడు. మేనకోడలికి కొడుకు పుట్టాడు. బారసాల శుభలేఖ. ఏ శుభకార్యమైనా చెల్లెలే వచ్చి బొట్టు పెట్టి పిలిచేది. ఈసారి పోస్టులో వచ్చింది. కవరు మీద అన్న పేరు లేదు. ఇంటి చిరునామా కూడా లేదు. 'చల్లపల్లి ట్రేడర్స్ వారికి' అని విజయలక్ష్మి గారి చేతిరాతతో ఉంది.

"కొట్టుకొచ్చిందమ్మా" అన్నాడు. "వెంకటరత్నం ఇన్‌వర్డ్ నంబరు వేశాడు."

నిజంగానే, కొట్టుకొచ్చే వ్యాపారపు ఉత్తరాలకు వేసినట్టే, మూలన నంబరు వేసి ఉంది.

"ఆ చీర, గొలుసు తీసేయండి" అన్నాడు. "నా సొంత ఖర్చులో రాయండి."

"ఆ ఫైలు ఇప్పుడు నాది కాదండీ. సార్‌ని అడగండి."

ఆయన కదల్లేదు. కవరు వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను కాసేపు నా పని చేసుకున్నాను. తర్వాత లేచి పక్క బల్ల మీది ఫైలు తెచ్చుకున్నాను. ఎవరినీ అడగలేదు. సేల్స్ ప్రమోషన్ పద్దులో ఆ గీతను ఎర్ర సిరాతో కొట్టేసి, ఆయన సొంత ఖాతాలో 'మేనకోడలి పెళ్ళికి' అని తెలుగులోనే రాశాను.

"టాక్సు ఎంత పెరుగుతుంది?" అన్నాడు అలవాటు కొద్దీ.

చెప్పాను. ఆయన తలూపి, కవరు తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, పటమటకు ఇప్పుడు బస్సు ఏ నంబరని అడిగాడు.